ఉత్తరం వైపు ప్రహరీకి సోలార్ వాల్ లైట్లు: చలికాలంలో ఎనిమిదింటికే ఆరిపోతున్నాయి

మల్లెపందిరి
హైదరాబాదు దగ్గర నాగారంలో మాది ఉత్తరం ఫేసింగ్ ఇల్లు. ఎండాకాలంలో ఆన్‌లైన్‌లో నాలుగు సోలార్ వాల్ లైట్లు తెప్పించాం. రెండు తూర్పు ప్రహరీకి (పక్కన ఖాళీ ప్లాటు), రెండు రోడ్డు వైపు ఉత్తరం ప్రహరీకి బిగించాం. అన్నీ ఒకే మోడల్. తూర్పు వైపువి ఇప్పటికీ బాగానే వెలుగుతున్నాయి. ఉత్తరం వైపువి దసరా దగ్గర్నుంచి డల్ అవుతూ వచ్చి, ఇప్పుడు డిసెంబరులో రాత్రి ఎనిమిది కొట్టేసరికి ఆరిపోతున్నాయి. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే "చలికాలం కదా మేడమ్, ఎండ తక్కువ" అంటున్నారు. తూర్పు వైపు వాటికి చలికాలం లేదా మరి?

మా మామయ్యగారు తెల్లవారుజామున ఐదింటికే వాకింగ్‌కి బయల్దేరతారు. గేటు బయట మ్యాన్‌హోల్ మూత రోడ్డు కంటే ఎత్తుగా ఉంది. చీకట్లో ఎక్కడ కాలు తట్టుకుంటుందోనని రోజూ టెన్షనే. ఆ రెండింటినీ బాగు చేయించుకోవాలా, వేరేవి కొనాలా? కొంటే ఏం చూసి కొనాలి? 100 ఎల్‌ఈడీ, 200 ఎల్‌ఈడీ అని రాస్తున్నారు, అది చూస్తే సరిపోతుందా? నాలుగైదు వేల వరకు పెట్టగలం.

ఉప్పల్_శ్రీ
మా ఇంట్లోనూ ఇదే కథ. జవాబుల కోసం చూస్తున్నా.

నల్లగండ్ల_నాని
ముందు ప్యానెల్ మీద దుమ్ము చూడండి. మా చుట్టూ టవర్లు కడుతున్నారు, వారం తుడవకపోతే ప్యానెల్ మీద వేలితో పేరు రాయొచ్చు. నలుపు కనపడకుండా బూడిదరంగులోకి వచ్చేస్తుంది.

మల్లెపందిరి
నాని గారూ, మా వారు ప్రతి ఆదివారం నాలుగూ తుడుస్తారు. దుమ్ము కాదండీ.

అక్షాంశం17
దుమ్మూ కాదు, లైటూ కాదు, గోడ. అమ్మినవాళ్ళు చెప్పింది సగమే నిజం.

హైదరాబాదు ఇంచుమించు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సెప్టెంబరు 23 దరిదాపుల్లో సూర్యుడు భూమధ్యరేఖ దాటి దక్షిణానికి వెళ్ళిపోతాడు, మళ్ళీ మార్చి 21 దాకా అటే. ఆ ఆరునెలలూ ఉత్తరం వైపు చూసే గోడ మీద నేరుగా ఎండ పడదు. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, అదీ దక్షిణం వైపు. మీ ప్రహరీకి ఆవల ఉన్న లైటుకి గోడే అడ్డం. పైగా దక్షిణంగా మీ ఇల్లుంది. ఇల్లు ఏడు మీటర్ల ఎత్తుంటే డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ ఆరు మీటర్ల దూరం ఉత్తరానికి పడుతుంది. అంటే గేటు దాకా వచ్చేస్తుంది.

మీరు ఎండాకాలంలో బిగించినప్పుడు బాగా వెలిగాయి కదా, దానికీ కారణం ఉంది. మే రెండో వారం మొదలుకొని ఆగస్టు మొదటి వారం దాకా మన ఊళ్ళో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. మే 9, ఆగస్టు 3 దరిదాపుల్లో నీడ మాయమయ్యే రోజు అని పేపర్లలో వేస్తారే, అవే రెండు హద్దులు. ఆ మధ్య కాలంలో ఉత్తరం గోడకీ ఎండ దొరుకుతుంది. తూర్పు గోడకైతే ఏడాది పొడవునా పొద్దుటి పూట ఎండ తగులుతుంది, పక్కన ఖాళీ ప్లాటు కాబట్టి అడ్డమూ లేదు. అందుకే అవి బతికాయి.

లైటూ ప్యానెలూ ఒకే డబ్బాలో ఉండే ఏ మోడల్ కొన్నా మీ ఉత్తరం ప్రహరీ మీద వచ్చే దసరాకి ఇదే పరిస్థితి. ప్యానెల్ విడిగా, మధ్యలో వైరుతో వచ్చే రకం తీసుకోండి. లైటు ఉత్తరం గోడకి, ప్యానెల్ ఎండలో.

చార్మినార్_చాయ్
వాస్తు కోసం ఉత్తరం ఫేసింగ్‌కి గజానికి ఎక్కువిచ్చి కొంటాం. సోలార్ లైటు మాత్రం దక్షిణం ఫేసింగ్ వాళ్ళకే కలిసొచ్చిందన్నమాట. మా మేనమామది దక్షిణం ఫేసింగ్, ఈ మెసేజ్ పంపిస్తా, సంతోషపడతాడు 😄

మల్లెపందిరి
అక్షాంశం17 గారూ, ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు. ప్యానెల్‌ని తూర్పు ప్రహరీ పైన పెడితే వైరు ఎంత దూరం లాగొచ్చు? మూలనుంచి గేటు పక్క లైటుకి అయిదు మీటర్లు ఉంటుంది.

అక్షాంశం17
చాలావాటికి మూడు నుంచి అయిదు మీటర్ల వైరు వాళ్ళే ఇస్తారు. ఇంకో మీటరు అతికినా నష్టం లేదు, అందులో పారే కరెంటు చాలా తక్కువ. ప్యానెల్‌ని ప్రహరీ పైన దక్షిణం వైపు కొద్దిగా వాల్చి పెట్టండి. ఏడాది మొత్తానికైతే 17 డిగ్రీల వాలు చాలు. మీకు చలికాలం ముఖ్యం కాబట్టి 30 దాకా వాల్చండి. మీ ఇంటి నీడ దాని మీద పడకుండా ఒక ఆదివారం తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి చూసి చోటు ఖాయం చేయండి. డిసెంబరులో ఎండ పడిన చోటికి మిగతా నెలల్లోనూ చాలావరకు ఢోకా ఉండదు.

వైర్‌మన్_కాకా
ఇంత లెక్కలెందుకమ్మా. గేటు దగ్గర కాలింగ్ బెల్లు ఉండే ఉంటుంది. ఆ పైపులోనే ఇంకో వైరు లాగి 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోండి. రాత్రి 12 గంటలు వెలిగినా 60 వాట్-అవర్లు. నెలకి రెండు యూనిట్లు కూడా కాదు. బిల్లులో తేడా మీకు కనపడను కూడా కనపడదు. నాలుగైదు వేలు పెట్టి సోలార్ కొని, మళ్ళీ బ్యాటరీలు మార్చుకుంటూ కూర్చోవడం దేనికి? కరెంటు పని చేసేవాడిగా చెప్తున్నా, సోలార్ వాల్ లైటుతో డబ్బు ఆదా అనేది ఉత్తమాట.

డాబా_తోట
కాకా, డబ్బు ఆదా కోసం ఎవరూ కొనరు. మా ప్రహరీకి గ్రానైట్ అంటించి ఉంది, పైపు వేయాలంటే అది పగలగొట్టాలి. మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, మళ్ళీ గ్రానైట్ పని, అన్నీ కలిపితే మీరు చెప్పిన బల్బు ఎంతకి తేలుతుందో లెక్కేయండి. ఇంకోటి, వానకి గోడ నానితే 230 వోల్టుల లైను అంటే భయం. సోలార్ లైటులో ఉండేది అయిదారు వోల్టులే, పిల్లలు తాకినా ఏం కాదు. గాలివానకి కాలనీ మొత్తం కరెంటు పోయినప్పుడు వీధిలో వెలిగేవి మా లైట్లే.

వైర్‌మన్_కాకా
షాకు సంగతి ఒప్పుకుంటా. కానీ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు) పెట్టించుకుంటే ఆ భయమూ ఉండదు. పైపు ముందే వేసి ఉన్న ఇంట్లో మాత్రం నా మాట మీదే నిలబడతా. ఇల్లు కడుతున్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, ప్రహరీ కట్టేటప్పుడే నాలుగు మూలలకీ ఖాళీ పైపు వేయించుకోండి. అప్పుడైతే ఖర్చు ఎంతో కాదు.

కోఠి_సర్క్యూట్
మల్లెపందిరి గారి అసలు ప్రశ్న మధ్యలో పోయింది. ఎల్‌ఈడీల సంఖ్య చూసి కొనకండి. 200 గింజలు పెట్టి ఒక్కోదానికీ చుక్క కరెంటు ఇచ్చేవి ఉంటాయి. డబ్బా మీద వెతకాల్సినవి ప్యానెల్ వాట్లు, బ్యాటరీ రకం, దాని ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె), ల్యూమెన్లు (వెలుతురు కొలత). ఈ నాలుగూ రాయని డబ్బాని షాపులోనే వదిలేయండి.

లెక్క ఎలా వేయాలో చెప్తా. మన దగ్గర మబ్బు లేని రోజు మొత్తం ఎండని కూడితే సుమారు అయిదు గంటల నిండు ఎండకి సమానం. 2 వాట్ల ప్యానెల్ అంటే కాగితం మీద 10 వాట్-అవర్లు. నిజంలో గోడకి నిలువుగా ఉండటం, దుమ్ము, వేడి, చార్జింగ్ నష్టం అన్నీ పోగా సగం దక్కితే గొప్ప. అంటే 5. మంచి ఎల్‌ఈడీ ఒక వాటుకి దాదాపు 100 ల్యూమెన్లు ఇస్తుంది. 100 ల్యూమెన్లతో వెలిగిస్తే అయిదు గంటలు వస్తుంది. సాయంత్రం ఆరున్నరకి మొదలైతే పదకొండున్నరకి ఖాళీ. మామయ్యగారి ఐదింటి వాకింగ్‌కి ఏమీ మిగలదు.

తెల్లారేదాకా కావాలంటే దారులు రెండే. ప్యానెల్ పెద్దది, 4 నుంచి 6 వాట్లు ఉన్నది కొనడం. లేదా రాత్రంతా 15-20 ల్యూమెన్లతో సన్నగా వెలుగుతూ, మనిషి కదిలినప్పుడు మాత్రం పెద్దగా వెలిగే మోడ్ పెట్టుకోవడం. మ్యాన్‌హోల్ మూత కనపడటానికి ఆ సన్న వెలుతురే చాలు. రెండూ కలిపి చేస్తే వానాకాలంలో వరసగా మబ్బు పట్టినా నడుస్తుంది.

మల్లెపందిరి
మా వాటి మీద "120 ఎల్‌ఈడీ, సూపర్ బ్రైట్" అని తప్ప ఇంకేం లేదు సర్. ప్యానెల్ నా అరచేతి కంటే చిన్నది.

కోఠి_సర్క్యూట్
అయితే అది ఒక వాటుకి అటూ ఇటూ ఉంటుంది. అలాగని పారేయకండి, తూర్పు గోడకో వెనక బట్టలుతికే చోటుకో పనికొస్తాయి.

ఉప్పల్_శ్రీ
మాది దక్షిణం గోడే, ఎండ దంచుతుంది, అయినా రెండేళ్ళకి అరగంటే వెలుగుతోంది. బ్యాటరీ పోయినట్టేనా? మార్చుకోవచ్చా?

కోఠి_సర్క్యూట్
శ్రీ అన్నా, దాదాపు బ్యాటరీయే. వెనక స్క్రూలు విప్పండి. సాయంత్రం దాకా ఎండలో పెట్టి మల్టీమీటరుతో కొలవండి. లోపల లావుపాటి గొట్టంలా ఉంటే అది 18650 సెల్. మీద 3.7 వోల్టులు అని ఉంటే లిథియం అయాన్, నిండితే 4.2 చూపాలి. 3.2 వోల్టులు అని ఉంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అది 3.6 దగ్గర నిండుతుంది. రోజంతా ఎండ తిన్నాక కూడా 3.7 రకం 3.5 దాటకపోతే సెల్ అయిపోయినట్టే. సెల్ బాగుండి చార్జ్ ఎక్కకపోతే ప్యానెల్ నుంచి వచ్చే వైరు టంకం ఊడిందేమో చూడండి, మా దగ్గరికొచ్చే వాటిలో అది చాలా మామూలు.

మార్చేటప్పుడు ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి. 3.2 ఉన్నచోట 3.2నే, 3.7 ఉన్నచోట 3.7నే. లోపలి సర్క్యూట్ బోర్డు ఒక రకానికే తయారై ఉంటుంది. 3.7 బోర్డులో 3.2 సెల్ పెడితే అది 4.2 దాకా ఎక్కించి సెల్‌ని చంపేస్తుంది.

కోఠి గుజరాతీ గల్లీలో రెండు రకాలూ దొరుకుతాయి. 9900 ఎంఏహెచ్ అని రాసి ఉన్నవి ముట్టుకోకండి. ఆ సైజు సెల్‌లో పేరున్న కంపెనీలవి కూడా 3500 దరిదాపుల్లోనే ఆగుతాయి. ఐఎస్ 16046 అని బీఐఎస్ గుర్తు ఉన్నది అడగండి, కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి.

కొత్తగా కొనేవాళ్ళు ఐరన్ ఫాస్ఫేట్ ఉన్న లైటు వెతకండి. మామూలు లిథియం అయాన్ 300 నుంచి 500 చార్జింగ్‌ల తర్వాత బాగా నీరసపడుతుంది. రోజుకొక చార్జింగ్ కదా, ఏడాదిన్నరలో అక్కడికి చేరుతుంది. ఐరన్ ఫాస్ఫేట్ 2000 దాటుతుంది, వేడికీ ఎక్కువ ఓర్చుకుంటుంది. మే నెలలో పడమటి గోడ మీద నల్ల ప్లాస్టిక్ డబ్బా లోపల ఎంత ఉడికిపోతుందో ఊహించండి. లిథియం అయాన్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదని సెల్ కంపెనీలే చెప్తాయి.

పాత_ల్యాప్‌టాప్
నేను పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి అందులోంచి సెల్స్ తీసి వేస్తున్నా. ఖర్చు సున్నా, బానే నడుస్తున్నాయి. 18650 కదా, సైజు సరిపోతుంది.

కోఠి_సర్క్యూట్
బ్రదర్, దయచేసి ఇది ఇంకెవరికీ చెప్పకండి. ల్యాప్‌టాప్ ప్యాక్‌లో రక్షణ సర్క్యూట్ ప్యాక్ మొత్తానికి ఒకటే ఉంటుంది, విడి సెల్‌కి ఉండదు. చవక లైట్ల బోర్డులో ఓవర్‌చార్జ్ కట్ ఉందో లేదో తెలీదు. పైగా సెల్ మీద నేరుగా టంకం పెడితే లోపలి పొర వేడికి దెబ్బతింటుంది. ఎండలో, గోడకి, మూసేసిన డబ్బాలో ఉండే వస్తువు ఇది.

బోడుప్పల్_బంటి
మా పక్కింటివాళ్ళది అలాగే ఉబ్బి డబ్బా పగిలింది. అదృష్టం కొద్దీ మంట రాలేదు. కింద బైకు నిలబెట్టి ఉంది.

పాత_ల్యాప్‌టాప్
సరే అన్నా, ఇది తెలీదు. ఈ వారమే తీసేస్తా.

సైనిక్‌పురి_బామ్మ
సెన్సార్ మోడ్ అంటున్నారు కానీ మా వీధిలో కుక్కలు రాత్రంతా తిరుగుతాయి. అవి వెళ్ళినప్పుడల్లా భగ్గుమని వెలుగుతుంది, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. మా వీధి కుక్కలకి ఊరేగింపు జరుగుతున్నట్టుంటుంది నాయనా. మా మనవడు సెన్సార్ మీద ప్లాస్టర్ అంటించాడు.

అక్షాంశం17
బామ్మగారూ, మనవడి ఆలోచన మంచిదే, కానీ మొత్తం మూయకుండా సెన్సార్ తెల్ల బుడిపె కింది సగానికే అంటించమనండి. ఎత్తున ఉన్న సెన్సార్‌కి ఆ కింది సగమే నేల దగ్గర కదిలేవాటిని చూస్తుంది. అప్పుడు కుక్కలు చాలావరకు తప్పుతాయి, మనిషి వస్తే వెలుగుతుంది.

ఆ సెన్సార్ చూసేది కదిలే వేడిని. దానికి నేరుగా ఎదురొచ్చేవాళ్ళ కంటే అడ్డంగా దాటేవాళ్ళు బాగా తెలుస్తారు. కాబట్టి గేటుకి ఎదురుగా కంటే పక్క గోడకి పెట్టండి. ఎత్తు రెండు నుంచి రెండున్నర మీటర్లు. ఇంకో విషయం, ఎండాకాలం రాత్రుళ్ళు గాలి వేడి మన ఒంటి వేడికి దగ్గరగా వస్తుంది కాబట్టి సెన్సార్ అంత దూరంనుంచి పట్టదు. మే నెలలో "సెన్సార్ పాడైంది" అని పీకేసేవాళ్ళు వానలు పడేదాకా ఆగి చూడాలి.

బోడుప్పల్_బంటి
నాదో విచిత్రం. పగలంతా ఎండ, బ్యాటరీ ఫుల్, కానీ రాత్రి లైటు అసలు వెలగదు. దాని మీద చెయ్యి పెడితే వెలుగుతుంది. చెయ్యి తీస్తే ఆరిపోతుంది.

కోఠి_సర్క్యూట్
మీ ఇంటి ముందు కొత్తగా వీధి లైటు పెట్టారా?

బోడుప్పల్_బంటి
అవును అన్నా, సరిగ్గా గేటు ఎదురుగా! మీకెలా తెలిసింది?

కోఠి_సర్క్యూట్
ఈ లైట్లలో చీకటి పడిందో లేదో చూడటానికి వేరే సెన్సార్ ఉండదు. ప్యానెల్ వోల్టేజీ పడిపోతే రాత్రి అనుకుంటుంది. వీధి లైటు నేరుగా ప్యానెల్ మీద పడుతుంటే దానికి ఇంకా పగలే. ప్యానెల్‌ని వీధి లైటుకి పక్కగా తిప్పండి, లేదా లైటుని రెండు మూడు అడుగులు జరపండి. ఒకదాని వెలుతురు ఇంకోదాని ప్యానెల్ మీద పడేలా ఎదురెదురుగా పెట్టినా ఇదే తంతు, అవి ఒకదాన్నొకటి ఆర్పుకుంటూ మిణుకుమిణుకుమంటాయి.

నల్లగండ్ల_నాని
తుడవడం గురించి ఎవరైనా చెప్పండి. మా బోరు నీళ్ళతో కడిగితే తెల్లటి మరకలు కట్టి ఇంకా మసకగా అయింది.

డాబా_తోట
నాని, బోరు నీళ్ళు వద్దే వద్దు. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఎండకి నీరు ఆరి సున్నం మిగిలిపోతుంది. ఆర్‌ఓ మెషిన్ బయటికి వదిలే నీళ్ళు వాడేవాళ్ళున్నారు, అవి బోరు నీళ్ళ కంటే ఇంకా ఉప్పు. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు పట్టి పెట్టుకోండి, గాలిలోని తేమే కాబట్టి అందులో ఉప్పు ఉండదు. వాననీళ్ళు దొరికితే అంతకంటే మంచిది.

తుడిచే వేళ పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు. మధ్యాహ్నం కాలుతున్న ప్యానెల్ మీద చన్నీళ్ళు పోస్తే పొరలు లేస్తాయి. ముందు నీళ్ళు జల్లి దుమ్ము నానాక మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. పొడిగుడ్డతో రుద్దితే ఇసుక రేణువులు గీతలు పెడతాయి, గిన్నెలు తోమే స్క్రబ్బర్ అసలే వద్దు. ఇప్పటికే కట్టిన తెల్ల మరకలకి నిమ్మరసం నీళ్ళలో కలిపి కాసేపు ఉంచి తుడిచేయండి. పావురాల రెట్ట పడితే మాత్రం ఆదివారం దాకా ఆగకండి. చిన్న ప్యానెల్‌లో ఒక మూల కప్పేసినా మొత్తం కరెంటు బాగా పడిపోతుంది, ప్యానెల్‌లోని సోలార్ ముక్కలన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి.

ఉప్పల్_శ్రీ
మాది పసుపు రంగులోకి మారింది. టూత్‌పేస్టుతో రుద్దితే పోతుందని వీడియో చూశా.

డాబా_తోట
పైపై మసక కొంత పోతుంది. పసుపు పోదు, అది ఎండకి ఎపాక్సీ (ప్లాస్టిక్ లాంటి పైపూత) పొర లోపలిదాకా మారిపోవడం. అందుకే కొనేటప్పుడే గాజు పైపొర ఉన్న ప్యానెల్ అడగాలి. గోటితో తడితే తెలిసిపోతుంది.

చార్మినార్_చాయ్
నేను టూత్‌పేస్టు వేశా, నా దానికి పనిచేసింది. రెండు గంటలు ఎక్కువ వెలుగుతోంది.

డాబా_తోట
గీతలు, మసక ఉన్నవాటికి పనిచేస్తుందనే అంటున్నా కదా. వానాకాలం తర్వాత ఎలా ఉందో ఇక్కడే రాయండి, చూద్దాం.

వైర్‌మన్_కాకా
వాన సంగతి నేను చెప్తా. ఐపీ65 రాసి ఉన్నది తీసుకోండి. 6 అంటే దుమ్ము చొరబడదు, 5 అంటే ఏ వైపునుంచి నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుంది. ఐపీ44 అయితే పోర్టికో కింద పెట్టుకోండి, ఆరుబయట వద్దు. భయపడి చుట్టూ సిలికాన్ పూసేస్తారు కొందరు. పైనా పక్కలా పూయండి గానీ కింద సన్న రంధ్రం ఉంటే మూయకండి. లోపల చేరిన తేమ పోయే దారి అదే. స్విచ్చు మీద రబ్బరు మూత సరిగా నొక్కారో లేదో చూడండి. నేను చూసిన వాటిలో నీళ్ళు పోయి పాడైనవి ఎక్కువగా ఆ మూత దగ్గరే.

స్క్రూలు కూడా డబ్బాలో ఇచ్చినవి వాడొద్దు, తుప్పు పట్టి గోడ మీద మరక కారుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు విడిగా తెచ్చుకోండి. 6 ఎంఎం బిట్టుతో రంధ్రం, ప్లాస్టిక్ గట్టా, అంతే.

అద్దె_ఇల్లు
మా ఓనర్ గోడకి మేకు కొట్టనివ్వడు. డబుల్ టేప్ మీద నిలబడుతుందా?

నల్లగండ్ల_నాని
ఎండాకాలంలో జిగురు కరిగి జారిపోతుంది, మాది బాల్కనీ మీంచి పడింది. రెయిలింగ్‌కి బిగించే క్లాంపు ఉన్నవి దొరుకుతాయి, అవి చూడండి. కేబుల్ టై వేసినా చాలు, నల్లవి వేయండి, తెల్లవి ఎండకి తొందరగా పుటుక్కుమంటాయి.

ఉప్పల్_శ్రీ
సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇస్తోంది కదా, వీటికి రాదా?

అక్షాంశం17
రాదు శ్రీ గారూ. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ ఇంటి పైకప్పు మీద పెట్టి గ్రిడ్‌కి కలిపే ప్యానెళ్ళకి. 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల దాకా ఇస్తారు. విడి లైట్లు అందులోకి రావు.

సైనిక్‌పురి_బామ్మ
తొలకరి పడగానే ఉసిళ్ళు వచ్చి లైటు చుట్టూ మూగుతాయి, వాటి కోసం బల్లులు. పొద్దున ఊడ్వలేక చస్తున్నా.

కోఠి_సర్క్యూట్
తెల్లగా నీలంగా ఉండే 6500 కె (కెల్విన్, వెలుతురు రంగు కొలత) వెలుతురుకి పురుగులు ఎక్కువ వస్తాయి బామ్మగారూ. 3000 కె అని రాసి ఉన్న పసుపు వెలుతురు తీసుకోండి, పురుగులు తగ్గుతాయి. ఎదురింటివాళ్ళ పడగ్గదిలోకి కొట్టినా కళ్ళు నొప్పెట్టదు. ఉసిళ్ళు వచ్చే ఆ కొద్దిరోజులూ స్విచ్చు ఆపేస్తే ఇంకా మంచిది.

మల్లెపందిరి
అందరి మాటలూ మా వారికి చదివి వినిపించా. నిర్ణయం ఇది. ఉత్తరం వైపు ఒకే ఒక లైటు, ప్యానెల్ విడిగా 5 వాట్లది, ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఐపీ65, పసుపు వెలుతురు, సన్నగా వెలిగి సెన్సార్‌కి పెరిగే మోడ్. ప్యానెల్ తూర్పు ప్రహరీ మూల మీద దక్షిణానికి వాల్చి. రెండు కొనేకంటే మంచిది ఒకటి కొందామన్నారు. పాతవి రెండూ వెనక్కి మారుస్తాం. మ్యాన్‌హోల్ మూత గురించి కాలనీ సంఘంవాళ్ళతో కలిసి మున్సిపల్ అధికారులకి కూడా రాస్తున్నాం, లైటు పెట్టినంత మాత్రాన మూత కిందికి దిగదు కదా.

వైర్‌మన్_కాకా
మూత సంగతి గట్టిగా పట్టుకో తల్లీ. అంతదాకా దాని అంచుకి తెల్ల పెయింటు పూయించు, సన్న వెలుతురులో కూడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

మల్లెపందిరి
ఇది మాకు తట్టనే లేదు కాకా. రేపే పూయిస్తా.

పాత_ల్యాప్‌టాప్
తీసేసిన సెల్స్ ఏం చేయాలి? చెత్త బండికి ఇవ్వొచ్చా?

కోఠి_సర్క్యూట్
ఇవ్వకండి. చెత్త బండిలో నలిగితే అంటుకుంటాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. రెండు కొసలకీ టేపు అంటించి, ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రంలో గానీ పాత బ్యాటరీల కోసం డబ్బా పెట్టిన ఎలక్ట్రానిక్స్ షాపులో గానీ ఇచ్చేయండి. ఉబ్బినదాన్ని ఇంట్లో ఉంచొద్దు, ఇచ్చేదాకా ఆరుబయట ఇసుక పోసిన మట్టి కుండలో పెట్టండి.

డాబా_తోట
మల్లెపందిరి గారూ, ఒక్క మాట. ప్రహరీ పైన వైరు అలా వదిలేయకండి. మా వైపు ఉడతలు కొరికేశాయి. సన్న పీవీసీ పైపులోంచి లాగి, లైటులోకి వెళ్ళేముందు వైరుని కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్ళండి. వాననీళ్ళు వంపు దగ్గరే కిందికి కారిపోతాయి, లోపలికి పోవు.

మల్లెపందిరి
పైపు ఎంత సైజుది తెమ్మంటారు?

డాబా_తోట
అర అంగుళం చాలు. ప్లగ్గు కూడా అందులో దూరాలంటే ముప్పావు తెచ్చుకోండి.